పదిసార్లు రాని ఇస్పేటు: నిర్ణయము, ఫలితము అను వాని భేదమును గూర్చి ఒక గణిత పాఠము

మా పూర్వ విద్యార్థి ఒకడు అమెరికాలోని న్యూజెర్సీలో ఉద్యోగము చేయుచున్నాడు. ఇంటర్నెట్ ద్వారా సొమ్ము పెట్టి పోకర్ ఆడుట ఆ రాష్ట్రములో 2013 నుండి చట్టసమ్మతము. రాత్రివేళ అతడు అయిదు సెంట్లు, పది సెంట్ల బల్లవద్ద కూర్చుండునట; పది డాలర్లు చేత నున్న చాలును. పోయిన సంవత్సరము అతని వద్దనుండి మాకొక ఉత్తరము వచ్చినది. "సార్, తరగతిలో మీరు చెప్పిన సంభావ్యత ప్రకారమే ఆడినాను. వరుసగా పదిసార్లు నాకు కావలసిన ముక్క రాలేదు. లెక్క తప్పా, నేను తప్పా? ఇంతకు పదిరెట్ల బల్లకు పోయి, పోయినది రాబట్టుకొనవలెనని ఉన్నది" అని దాని సారాంశము.

ఈ ప్రశ్నకు మేము వ్రాసిన సమాధానమునే కొంత విస్తరించి ఇచ్చట పాఠముగా ఇచ్చుచున్నాము. జూదమును కళాశాల పత్రికకు ఎక్కించినామని కమిటీ పెద్దలు కినుక వహింపరని మా నమ్మకము. ఇస్లాము మైసిర్ అను పేరుతో దానిని నిషేధించినది; మన పురాణములు దాని చేటును విస్తరించి చెప్పినవి; 2025 ఆగస్టులో మన పార్లమెంటు చేసిన చట్టము, నైపుణ్యమా అదృష్టమా అను విచారణ లేకయే, సొమ్ము పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించినది. మహాకవి మీర్జా గాలిబ్ అంతటివాడు 1847లో ఢిల్లీలో జూదము కారణముగా కారాగారమునకు పోవలసివచ్చినది. కనుక మేము ఆటను నేర్పుట లేదు. పేకముక్కలను నల్లబల్లగా వాడుకొనుచున్నాము.

అట్లు వాడుకొనుట క్రొత్తయు కాదు. సంభావ్యతా శాస్త్రము జూదపు బల్ల మీదనే పుట్టినది. నడుమ ఆగిపోయిన ఆటలో పందెపు సొమ్మును ఎట్లు పంచవలెనను ప్రశ్నపై 1654లో పాస్కల్, ఫెర్మా ఉత్తరములు వ్రాసికొనిరి. అంతకు ఎన్నో శతాబ్దములకు ముందే భారతములోని నలోపాఖ్యానములో ఋతుపర్ణ మహారాజు రథముమీద పోవుచు తాండ్రచెట్టు ఆకులను, కాయలను లెక్క చెప్పగా, నలుడు రథము నిలిపి లెక్కపెట్టి నిజమని గ్రహించినాడు. ఆ లెక్కల విద్య తెలిసిన పిమ్మటనే నలుడు జూదములో పోయిన రాజ్యమును మరల గెలిచినాడు. పాచికలకు, ఆకుల లెక్కకు ఏమి సంబంధమని చిన్ననాడు మాకును సందేహము కలిగెడిది.

ఇక విషయమునకు వత్తము. అతడు ఆడునది టెక్సాస్ హోల్డెమ్ అను పద్ధతి. ప్రతివానికి రెండు ముక్కలు రహస్యముగా ఇత్తురు. అందరికిని చెందు అయిదు ముక్కలను బల్లమీద క్రమముగా తెరతురు: మొదట మూడు, పిమ్మట ఒకటి, తుదకు మరియొకటి. ఏడింటిలో మేలైన అయిదే లెక్కకు వచ్చును. ప్రతి మెట్టులోను పందెము కట్టుటయో, ముక్కలు పడవేయుటయో చేయవలెను.

మన చేతిలో రెండు ఇస్పేట్లు, తెరచిన నాలుగు ముక్కలలో రెండు ఇస్పేట్లు ఉన్నవనుకొందము. ఇంకొక ఇస్పేటు వచ్చిన అయిదగును. గెలుపు దాదాపు మనదే. పేకలో ఇస్పేట్లు 13. అందు 4 కనబడినవి, 9 మిగిలినవి. మనము చూడని ముక్కలు 52లో 6 పోగా 46. కావలసిన ముక్క వచ్చుటకు 46లో 9 పాళ్లు, అనగా నూటికి 20 కంటె కొంచెము తక్కువ. రాకపోవుటకు 37 పాళ్లు.

ఇంతవరకు అందరును చెప్పగలరు. ఇచ్చటనే చాలమంది ఆగిపోవుదురు. "అయిదింట ఒకసారి వచ్చునుగదా, కట్టవలెనా, వద్దా?" అని అడిగిన, ఈ సంఖ్య ఒక్కటే సమాధానము చెప్పజాలదు. ధర తెలియవలెను. బల్ల నడుమ 80 సెంట్లున్నవి. ఎదుటివాడు 20 కట్టినాడు. మనము 20 కట్టిన 100 గెలువవచ్చును. ఇట్లు 46 సార్లు జరిగిన 9 సార్లు నూరు చొప్పున 900 వచ్చును. 37 సార్లు ఇరువది చొప్పున 740 పోవును. 160 సెంట్లు మిగులును. కనుక కట్టుట మేలు. అదే ఎదుటివాడు 80 కట్టినాడనుకొందము. ఇప్పుడు 80 కట్టి 160కి ఆశపడవలెను. 9 సార్లు 1440 వచ్చును, 37 సార్లు 2960 పోవును. నష్టము 1520. ముక్కలవే, ఆశయు అదే. ధర మారుటచే నిర్ణయము తలక్రిందులైనది.

నిజమైన ఆట ఇంతకంటె చిక్కైనది. ఇస్పేటు వచ్చిన పిమ్మట ఎదుటివాడు ఇంకను కొంత కట్టవచ్చును. అప్పుడు మన గెలుపు పెరుగును. లేక అతని చేతిలో మనకంటె పెద్ద ఇస్పేటుండవచ్చును; అప్పుడు వచ్చిన ముక్కయే మనలను ముంచును. తొమ్మిదింటిని తొమ్మిదిగానే నమ్ముట పిల్లల లెక్క.

పదిసార్లు రాకపోవుట వింతయా? 46లో 37ను పదిసార్లు గుణించిన నూటికి 11 వచ్చును. అనగా ఇట్టి పదేసి అవకాశముల వరుసలు తొమ్మిది తీసికొన్న, అందొకదానిలో ఒక్కసారియు ఇస్పేటు రాకుండుట సహజమే. పదకొండవసారి వచ్చి తీరునని ముక్కలకు ఎవరును చెప్పలేదు. ప్రతి ఆటకును పేకను క్రొత్తగా కలుపుదురు; నిన్నటి మన దుఃఖము దానికి తెలియదు.

అయినను మాకొక అనుమానము కలిగి, ఆ పది ఆటల వివరములను పంపుమని వ్రాసితిమి. వచ్చిన కాగితమును చూడగా సంగతి బయటపడినది. మొదటి ఆరుసార్లు అతడు 20 సెంట్ల ధరకే కట్టినాడు. ఏడవసారి నుండి 80 సెంట్ల ధరకు కట్టినాడు! "ఇన్నిసార్లు రాలేదు, ఈసారి రాక మానదు" అను కోపము ధరను చూడనీయలేదు. ఆరింటిలో పోయినది 120 సెంట్లు. నాలుగింటిలో పోయినది 320. మొదటిది దురదృష్టము, రెండవది తప్పు. రెండును అతని పుస్తకములో "ఓటమి" అను ఒకే మాటగా వ్రాయబడినవి. ఆ నాలుగింటిలో ఒకటి రెండుసార్లు ఇస్పేటు వచ్చియుండిన, అతడు మాకు ఉత్తరము వ్రాసెడివాడే కాదు. తన తప్పును నేర్పుగా భావించి కొనసాగించెడివాడు. మాకు భయము కలిగించునది ఇదియే. పరీక్షలో ఊహించి వ్రాసిన జవాబుకు మార్కులు పడిన విద్యార్థి మరునాడు పుస్తకము తెరవడు.

చిన్న బల్లకు ఇంకొక బరువు కలదు. అది అతని లెక్కలో లేనేలేదు. ఆట నడిపించు కంపెనీ గెలిచినవాని సొమ్మునుండి కొంత కమీషను తీసికొనును. నూటికి అయిదనుకొందము. మన మొదటి లెక్కలో గెలిచినపుడు బల్లపై మొత్తము 120, కమీషను 6. తొమ్మిది గెలుపులకు 54. లాభము 160 కాస్తా 106 అయినది. అయిదు శాతమే కదాయని అనుకొన్నది లాభములో మూడవ వంతును మ్రింగినది! పెద్ద బల్లలలో సాధారణముగా ఈ కమీషనుకు గరిష్ఠ పరిమితి ఉండుటచే దాని పాలు తగ్గును. చిన్న మొత్తములు ఆ పరిమితిని చేరనే చేరవు. సొమ్ము తక్కువకదా, ప్రమాదమును తక్కువేయని కూర్చుండువాడు తెలియకయే హెచ్చు పాలు చెల్లించుచున్నాడు. సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని రమ్మీ కేసులో, 1968లో లా రిపోర్టులకెక్కిన తీర్పున, రమ్మీ ప్రధానముగా నైపుణ్యపు ఆటయని సుప్రీంకోర్టు చెప్పిన సంగతిని మనవారు తరచు ఉదహరింతురు. ఆట నడిపించువాడు దానినుండి లాభము తీసినచో నేరము కావచ్చునని అదే తీర్పు అన్న మాటను ఎవరును ఎత్తరు.

పదిరెట్ల బల్లకు పోవుటను గూర్చి మేము అతనికి రెండే మాటలు వ్రాసితిమి. అచ్చట కూర్చుండువారు ఇతనికంటె బాగుగా లెక్క తెలిసినవారై ఉందురు. అదే పది ఆటల వరుస అచ్చట నాలుగు డాలర్ల నలుబది సెంట్లను కాక నలుబదినాలుగు డాలర్లను తీసికొనిపోవును. పోయినది రాబట్టుకొనుట అనునది లెక్కలో లేని పదము. బల్లమీదికి తోసిన సొమ్ము ఇక మనది కాదు. అది ఎవరు పెట్టినదైనను రాబోవు నిర్ణయమునకు ఒక్కటే. ఇంకొక పని కూడ చేయుమంటిమి: పుస్తకములో "గెలుపు, ఓటమి" అను గడి తీసివేసి, ముక్క తెరువకముందే ధరను, కారణమును వ్రాసి, ఫలితమును వేరు కాగితముపై వ్రాయవలెనని.

రెండు నెలల పిమ్మట అతడు ఒక పుట పంపినాడు. అందొక రాత్రి నడుమ 80 సెంట్లు, ఎదుటివాని పందెము 80, చేతిలో రెండు ఇస్పేట్లు, బల్లపై రెండు. అతడు ముక్కలు పడవేసినాడు. తరువాత కూర్చున్నవాడు కట్టినందున అయిదవ ముక్క తెరిచిరి. ఇస్పేటే. పుటలో ఒక ప్రక్క "9, 37, ధర ఎక్కువ, పడవేసితిని" అని ఉన్నది. వేరు కాగితముపై "ఇస్పేటు వచ్చినది. పదకొండు గంటలు. కంప్యూటరు మూసితిని" అని ఉన్నది.