చిట్టెలుకలు తెలిపిన భేదము

ప్రయోగశాలలలో చిరకాలము ఎక్కువగా మగ చిట్టెలుకలనే పరీక్షించుచు వచ్చిరి. ఆడ యెలుకల శరీరస్థితి నాలుగైదు దినముల ఋతుచక్రమునుబట్టి మారుచుండును గావున ఫలితములు నిలుకడగా నుండవని శాస్త్రజ్ఞుల శంక. ఆ శంకకు ఆధారము లేదని 2014లో తేలినది.

మెదడునందును వెన్నుపామునందును నాడీకణములతోపాటు మైక్రోగ్లియా యను కావలికణములు కలవు. నరము దెబ్బతిన్నప్పుడు నొప్పిని నిలిపియుంచునవి యివియే యని తలచిరి. బాలలారా, ఆ తలపు చాలవఱకు మగ యెలుకలను చూచి యేర్పడినదే సుమా! 2015లో కెనడాదేశమున మెక్‌గిల్ విశ్వవిద్యాలయపు జెఫ్రీ మోగిల్ బృందమువారు ఈ కణములను అణచు మందులను రెండు తెగల యెలుకలకును ఇచ్చిరి. మగ యెలుకలకు నొప్పి తగ్గెను. ఆడ యెలుకలకు తగ్గలేదు. వీనియందు ఆ పని టి-కణములది. టి-కణములు లేని యాడ యెలుకలు మాత్రము మగ యెలుకల త్రోవనే త్రొక్కినవి.

మగ యెలుకకు పనిచేసిన మందు మన తల్లికి, అక్కకు పనిచేయునా? 2016లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు, పరిశోధనకు ధనము కోరువారు లింగభేదమును లెక్కలోనికి తీసికొనవలెనను నియమమును అమలుపఱచినవి.