పార్కిన్సన్స్ జబ్బు: మాత్ర వేళ తప్పవద్దు

ముసలితనం కదా, నడక మందగించడం మామూలే అని చాలా ఇళ్లలో ఈ జబ్బును పట్టించుకోరు. డాక్టరుగారికి చూపించి మందు మొదలుపెట్టాక కూడా, మాత్ర వేళకు వేయక ఇబ్బంది పడేవారిని మేము వార్డులో చూస్తుంటాము. అందుకే ఈ నాలుగు మాటలు.

జబ్బు ఏమిటి?
దీనిని 1817లో లండన్ డాక్టరు జేమ్స్ పార్కిన్సన్ వివరించారు. కదలికలు సాఫీగా సాగడానికి మెదడులో డోపమైన్ అనే రసాయనం కావాలి. దానిని తయారుచేసే కణాలు క్రమంగా నశించడం వల్ల ఈ జబ్బు వస్తుంది. ఇది అంటువ్యాధి కాదు.

ఎలా కనబడుతుంది?
1. పనులు నెమ్మదిస్తాయి. గుండీలు పెట్టుకోవడానికి, అన్నం కలుపుకోవడానికి చాలాసేపు పడుతుంది.
2. కాళ్లు, చేతులు బిగుసుకుంటాయి.
3. చేయి ఊరకే ఉన్నప్పుడు వణుకుతుంది. సాధారణంగా ఒక పక్కన మొదలవుతుంది. కొందరికి వణుకు ఉండనే ఉండదు.
4. అడుగులు చిన్నవవుతాయి. తరువాత తూలి పడడం మొదలవుతుంది.
ముఖంలో నవ్వు, భావం తగ్గుతాయి. అది కోపమూ కాదు, బద్ధకమూ కాదు.

వైద్యం
ముఖ్యమైన మందు లీవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర. లీవోడోపా మెదడులోకి వెళ్లి డోపమైన్‌గా మారుతుంది. అది దారిలోనే ఖర్చు కాకుండా కార్బిడోపా కాపాడుతుంది. జబ్బు పూర్తిగా పోదు గాని, కదలిక బాగా మెరుగవుతుంది.

కొన్ని సంవత్సరాల తరువాత మాత్ర పనిచేసే సమయం తగ్గవచ్చు. తరువాతి మాత్రకు ముందే ఒళ్లు బిగుస్తుంది. మరికొన్ని వేళల్లో ఒళ్లు దానంతటదే మెలికలు తిరుగుతుంది. ఏ గంటకు ఎలా ఉందో నోటుబుక్కులో రాసి తీసుకురండి. దానిని బట్టి డాక్టరుగారు మోతాదు, వేళలు మారుస్తారు. మందులతో కుదరని కొందరికి మెదడులో సన్నని తీగలు అమర్చే ఆపరేషన్ ఉపయోగపడుతుంది.

తప్పక గుర్తుంచుకోండి
• మాత్రలు హఠాత్తుగా మానవద్దు. తీవ్రమైన బిగుసు, జ్వరం, మతి తప్పడం వచ్చి ప్రాణాపాయం కలగవచ్చు. ఉపవాస ప్రార్థన రోజున కూడా మాత్ర వేసుకోవాలి. ఉపవాసం ఉండవచ్చా అని ముందే డాక్టరుగారిని అడగండి.
• మాంసం, గుడ్లు, పప్పు ఎక్కువగా ఉన్న భోజనంతో మాత్ర సరిగా పట్టదు. వీలైతే భోజనానికి అరగంట ముందు వేయండి.
• దూలగొండి గింజల్లోనూ లీవోడోపా ఉంటుంది. ఆ పొడి వాడుతుంటే చెప్పండి.
• వాంతులకు మెటోక్లోప్రమైడ్ ఇస్తే జబ్బు ఎక్కువవుతుంది. వేరే జబ్బుతో ఏ ఆసుపత్రికి వెళ్లినా పార్కిన్సన్స్ ఉందని చెప్పి, మాత్రలు వెంట తీసుకువెళ్లండి.

కాలు నేలకు అతుక్కుంటే
గడప దగ్గర, మలుపు తిరిగేటప్పుడు అడుగు ఆగిపోతుంది. చేయి పట్టి లాగవద్దు, పడిపోతారు. ఒక్క క్షణం నిలబడనివ్వండి. ఒకటి, రెండు అని లెక్కపెట్టండి. లేదా మీ పాదం వారి ముందు అడ్డంగా పెట్టి, దాటి అడుగు వేయమనండి. చాలామందికి కాలు లేస్తుంది. నేలమీద చాపలు, తడి లేకుండా చూడండి. బాత్‌రూములో పట్టుకోవడానికి కడ్డీ బిగించండి.

రోజూ కొంచెంసేపు నడవడం, ఫిజియోథెరపీ వ్యాయామాలు మందుతో సమానంగా అవసరం. మాత్రల వేళలు ఈరోజే కాగితం మీద రాసి, ఇంట్లో అందరికీ కనబడేలా క్యాలెండరు పక్కన అంటించండి.