సరుగుడు కొమ్మకు లక్కబొమ్మలు

ప్రశ్న: ఈసారి వీధిలో పిల్లలందరినీ పిలిచి మా ఇంట్లో క్రిస్మస్ చెట్టు అలంకరిద్దామనుకుంటున్నాం. ప్లాస్టిక్ చెట్టు కొనాలా?
– ఒక గృహిణి, పాయకరావుపేట

జవాబు: ఎందుకమ్మా, మన తీరంలో సరుగుడుకు కొదవా? ఆరడుగుల కొమ్మను తడి ఇసుక నింపిన బకెట్లో నిలబెట్టండి. ముందురోజే తెప్పించండి, వారం ముందు తెస్తే ఆకు రాలి ఇల్లంతా ఊడ్చుకోవాలి. ఎండిన సరుగుడు ఇట్టే అంటుకుంటుంది, కొవ్వొత్తులు వద్దే వద్దు. సీరియల్ సెట్లు పిల్లలు రాకముందే మీరే చుట్టేయండి.

వేలాడదీయడానికి పక్కనే ఉన్న ఏటికొప్పాక లక్కబొమ్మలు తెచ్చుకోండి. అంకుడు కర్ర, తేలిక. చెయ్యి జారినా గాజుబంతిలా పగలవు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన పనితనం మరి! కొనకు నక్షత్రం ఎవరు కట్టాలన్న తగాదా తప్పదు, అందరికన్నా చిన్నవాణ్ణి ఎత్తుకోండి. పిండివంట గులాబీ పువ్వులు మాత్రం ఆఖర్న పంచండి. ముందే పెడితే ఆ నూనె చేతులు బొమ్మలకే తుడుస్తారు.