పేరు తాళపుచెవి కాగలదా?

డేటాబేస్ శాస్త్రమునకు గణితపు పునాది వేసినవారు ఎడ్గర్ కాడ్. ఐ.బి.ఎం. సంస్థలో పనిచేయుచు 1970 జూన్‌లో ఆయన ప్రకటించిన వ్యాసమును విశ్వవిద్యాలయములలో నేటికిని పాఠముగా చెప్పుచున్నారు. అంతకు పూర్వము సమాచారము చెట్టుకొమ్మల వలెనో, వలవలెనో అల్లబడియుండెడిది. చేరు దారి తెలియనిదే వెదకుట కష్టము. కాడ్ ఆ దారులను విడిచి, సమితుల సిద్ధాంతము ఆధారముగా పట్టికను గ్రహించినారు. ఏమి కావలెనో అడిగిన చాలును, ఎట్లు వెదకవలెనో యంత్రమే చూచుకొనును.

పట్టికలో ప్రతి వరుసను గుర్తించుటకు ఒక 'కీ' ఉండవలెను. ఇచ్చటనే మన విద్యార్థులకు చిక్కు. ఒకే పేరు ఉర్దూ నుండి తెలుగునకు, ఆంగ్లమునకు మారునప్పుడు మహమ్మద్, మొహమ్మద్, ఎం.డి. అని పలు రూపములు పొందును. ఉపకారవేతనపు జాబితాలో ఒక రూపము, హాజరు పట్టీలో వేరొకటి ఉన్నచో ఒక్క విద్యార్థియే ఇద్దరగును, వేతనము ఆగిపోవును. ఇద్దరు మహమ్మద్ అలీలు ఒక్కరగుటయు కలదు! కావున పేరు కీ కాజాలదు, ప్రవేశసంఖ్యయే కావలెను. పేరు, చిరునామా ఒక్క పట్టికలోనే ఉంచి, తక్కినవానిలో సంఖ్యను మాత్రమే వ్రాసినచో దిద్దుబాటు ఒక్కచోట చాలును. నార్మలైజేషన్ అను ప్రక్రియ ఉద్దేశ్యమిదే.

ఉపకారవేతన దరఖాస్తులో ప్రవేశసంఖ్యకొక గడి చేర్చవలసినదిగా కమిటీ వారిని కోరుచున్నాము.