వీల్‌చైర్ ఆగితే ముందు మోటారు విప్పొద్దు

నాగరాజూ,

కల్యాణదుర్గంలో నీ వైండింగ్ షాపుకు ఇప్పుడు ఎలక్ట్రిక్ వీల్‌చైర్లు కూడా రిపేరుకు వస్తున్నాయని రాశావు, సంతోషం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నికరంగా పడని మన జిల్లాలో వైండింగ్ షాపులకు అన్నం పెట్టేది బోరు మోటార్లే. లో వోల్టేజీ, ఒక ఫేజు పోవడం, నీళ్లు లేని బోరులో తిరగడం... వాటికి కాలిపోయే దారులు అన్నున్నాయి. అందుకే ఆగిన మోటారు కనబడితే చేతులు పానా కోసం వెతుకుతాయి. వీల్‌చైర్ దగ్గర ఆ అలవాటు పక్కన పెట్టు. అందులో కాయిల్ కాలిందన్న అనుమానం ఆఖర్న రావాలి.

ఎందుకో చెబుతాను. ఈ కుర్చీల్లో ఎక్కువ భాగం రెండు 12 వోల్టుల బ్యాటరీలు కలిపి 24 వోల్టుల డీసీ మీద నడుస్తాయి. చక్రానికో మోటారు, ఆ మోటారు వెనకే కరెంటు బ్రేకు. కరెంటు లేనంతసేపూ స్ప్రింగు దాన్ని బిగించి పెడుతుంది, జాయ్‌స్టిక్ కదిపి కరెంటు అందితేనే వదులుతుంది. కాబట్టి మోటారు భేషుగ్గా ఉన్నా, బ్రేకు కాయిల్ తెగినా ప్లగ్గు పిన్ను చిలుము పట్టినా కుర్చీ కదలదు. తోసుకుపోవడానికి పెట్టిన లివరు న్యూట్రల్‌లో ఉండిపోయినా అంతే. అన్నిటికన్నా ముందు అది చూడు. తర్వాత బ్యాటరీ. ఊరికే ఉన్నప్పుడు 25 వోల్టులు చూపించి, లోడు పడగానే 20కి జారిందంటే మన ఎండలు దాన్ని తినేశాయన్నమాట. జాయ్‌స్టిక్ కదిపితే రెండు వైపులా ‘టక్’మని వినబడాలి, వినబడని వైపే నీ పని. బ్యాటరీ విడదీసి, ఆ వైపు మోటారు ప్లగ్గు పీకి మల్టీమీటర్ పెట్టు. బ్రేకు కాయిల్ పదుల ఓమ్‌లు చూపుతుంది, ఏమీ చూపకపోతే తెగినట్టే. మోటారు పిన్నుల మధ్య ఒక ఓమ్ అటూ ఇటూ ఉంటుంది. లివరు వదులు చేసి చక్రం చేత్తో మెల్లగా తిప్పుతుంటే ఆ రీడింగు ఉన్నట్టుండి ఎగిరిపోతోందా, కార్బన్ బ్రష్షులు అరిగాయి, లేదా బొగ్గుపొడీ ఎర్రమన్నూ కలిసి బ్రష్షును దాని గూట్లో ఇరికించాయి. రివైండింగ్ ఖర్చెక్కడ, బ్రష్షుల ఖర్చెక్కడ! అప్పటికీ తేలకపోతే కుర్చీని దిమ్మెల మీదికి ఎత్తి, స్విచ్ ఆపి, కుడి ఎడమ ప్లగ్గులు మార్చి చూడు. ముందు ఆగిన చక్రమే మళ్లీ ఆగితే లోపం మోటారుదో దాని తీగదో, రెండో చక్రానికి మారితే కంట్రోలర్‌ది.

బెంగళూరు నుంచి పార్టు వచ్చేదాకా మనిషి ఇంట్లో పడి ఉండాలా, బ్రేకు తీసేసి దాని కాయిల్ బదులు ఒక రెసిస్టర్ తగిలిస్తే బండి నడుస్తుంది కదా అంటారు నీతో. ఆ బాధ న్యాయమైనదే, ఆ మనిషికి కాళ్లు ఆ కుర్చీయే. కానీ బ్యాటరీ ట్రైసైకిల్‌కు హ్యాండిల్ మీద బ్రేకు లివరు ఉంటుంది, వీల్‌చైర్లలో చాలావాటికి ఈ కరెంటు బ్రేకొక్కటే ఆధారం. కంట్రోలర్‌ను అలా మోసం చేసిన కుర్చీ చెరువుకట్ట వాలులో స్విచ్ ఆపిన క్షణం దొర్లుతుంది, నడుము కింద పట్టులేని మనిషి దూకి తప్పించుకోలేడు. పార్టు వచ్చేదాకా చదునైన చోట లివరు వేసి ఇంకొకరు తోయడమే దారి. అలా వేసినప్పుడు బ్రేకు ఉండదని తోసేవాళ్లకు గట్టిగా చెప్పు. పరీక్షకు గంట పట్టినా దానికి కూలి అడుగు, అది నీ హక్కు. షాపు ముందు ర్యాంపు మీద బరువు పెట్టి, స్విచ్ ఆపి, కుర్చీ కదలకుండా నిలిచిందని కళ్లారా చూడనిదే మాత్రం ఎవరినీ కూర్చోబెట్టి పంపొద్దు.

ఇట్లు,
నీ పెదనాన్న