వావిలాకు పొగ నుంచి అజాడిరక్టిన్ దాకా

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో పొద్దుగూకగానే పశువుల కొట్టంలో నిప్పుల మీద పచ్చి వేపాకు, వావిలాకు వేస్తారు. ఆ ఘాటు పొగకు దోమలు దూరంగా పోతాయి. వావిలి శాస్త్రీయ నామం వైటెక్స్ నెగుండో. కుటుంబం లామియేసి, పాత పుస్తకాల్లో వెర్బినేసి అని ఉంటుంది, రెండూ గుర్తుంచుకోండి. బాలింతలకు ఈ ఆకు కాచిన నీళ్లతోనే స్నానం చేయిస్తారు. వాపు, నొప్పుల మీద దీని ప్రభావాన్ని పరిశోధకులు ఎలుకలపై పరీక్షించారు.

చదివేటప్పుడు వేప మీద ఎక్కువ సమయం పెట్టండి. గింజలోని అజాడిరక్టిన్‌ను 1968లో వేరుచేశారు. ఇది పురుగును అప్పటికప్పుడు చంపదు. తిండి మాన్పిస్తుంది, కుబుసం విడవనివ్వదు. వేపనూనె శిలీంధ్రనాశినిపై అమెరికా వ్యవసాయ శాఖ, డబ్ల్యూ.ఆర్. గ్రేస్ కంపెనీ పొందిన పేటెంటును యూరోపియన్ పేటెంట్ కార్యాలయం 2000లో రద్దు చేసింది, 2005లో అప్పీలునూ కొట్టేసింది. మన రైతుల తరతరాల అనుభవానికి దక్కిన న్యాయమిది.

ఈ జిల్లాల అడవుల్లో విరివిగా కాసే సీతాఫలం గింజల్లో కీటకాలను చంపే అసిటోజెనిన్లు ఉంటాయి. పేలకని గింజల పొడి తలకు పట్టించడం మాత్రం ప్రమాదం: కంట్లో పడితే కార్నియా దెబ్బతింటుంది.

రాష్ట్ర వృక్షాల దగ్గర తడబడొద్దు. వేప ఆంధ్రప్రదేశ్‌ది, తెలంగాణది జమ్మి.