డౌన్‌లోడ్ సగంలో ఆగితే ప్యాకేజీ మేనేజర్ ఏం చేయాలి?

ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ ఉంది, అంబేడ్కర్ యూనివర్సిటీ ఉంది, ఇంజినీరింగ్ కాలేజీలూ ఉన్నాయి. ల్యాప్‌టాప్ కొనకముందే ఫోన్‌లో టెర్మక్స్ వేసుకుని కోడింగ్ మొదలుపెట్టే స్టూడెంట్స్ ఇక్కడ నాకు తెలుసు. వాళ్లకు ఉండేది రోజువారీ మొబైల్ డేటా. ఒక కంపైలర్, దాని లైబ్రరీలు కలిపితేనే వందల ఎంబీ. 90 శాతం దగ్గర ఆగి మళ్లీ సున్నా నుంచి మొదలైతే ఆ రోజు డేటా అయిపోయినట్టే.

టెర్మక్స్‌కే ఇంకో రకం దెబ్బ తగిలింది. దాని ప్యాకేజీలు ఒకప్పుడు బిన్‌ట్రే అనే సర్వీసులో ఉండేవి. 2021 మే 1న ఆ సర్వీసు మూతపడింది. పాత అడ్రస్‌ను వందసార్లు రీట్రై చేసినా లాభం లేదు, వేరే మిర్రర్‌కి వెళ్లాల్సిందే. అంటే రీట్రై ఒక్కటే సరిపోదన్నమాట. మంచి ప్యాకేజీ మేనేజర్‌కు ఈ ఐదూ కావాలి.

1. ఆగిన చోటు నుంచే కొనసాగాలి. టెర్మక్స్ లోపల వాడే ఆప్ట్, సగం దిగిన ఫైల్‌ను 'పార్షియల్' ఫోల్డర్‌లో ఉంచుతుంది. తర్వాత మిగతా బైట్లు మాత్రమే అడుగుతుంది.

2. గ్యాప్ ఇచ్చి రీట్రై చేయాలి. 1, 2, 4, 8 సెకన్లు, ఇలా గ్యాప్ పెంచుతూ పోవాలి. అందరూ ఒకేసారి ఎగబడితే అప్పుడే లేచిన సర్వర్ మళ్లీ పడిపోతుంది. పిప్ మామూలుగా 5 సార్లు రీట్రై చేస్తుంది.

3. ఎర్రర్ చూసి నిర్ణయించాలి. టైమవుట్, 503 అయితే కాసేపాగి అడగొచ్చు. 404 అయితే ఆ ఫైల్ అక్కడ లేదని అర్థం. లిస్ట్ అప్‌డేట్ చేయాలి, లేదా మిర్రర్ మార్చాలి.

4. హ్యాష్ సరిచూడాలి. అసలు కీలకం ఇదే. ప్యాకేజీల లిస్ట్‌కు డిజిటల్ సంతకం ఉంటుంది, అందులో ప్రతి ఫైల్ హ్యాష్ ఉంటుంది. అందుకే ఫైల్ ఏ మిర్రర్ నుంచి వచ్చినా భయం లేదు. హ్యాష్ కలవకపోతే పారేసి, ఇంకో మిర్రర్‌ను అడగాలి.

5. అన్నీ దిగాకే ఇన్‌స్టాల్ మొదలవ్వాలి. లేకపోతే సగం పాతది, సగం కొత్తది అయి సిస్టమ్ పాడవుతుంది.

మరి ఏ మిర్రరూ అందకపోతే? 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లాలో కరెంటు, సెల్ సిగ్నల్ రెండూ దెబ్బతిన్నాయి. అలాంటప్పుడు ముందే దింపి పెట్టుకున్న ఫైళ్లే దిక్కు. పిప్‌లో 'డౌన్‌లోడ్' కమాండ్‌తో ఫైళ్లు దాచుకుంటే, తర్వాత నెట్ లేకుండానే ఆ ఫోల్డర్ నుంచి ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు.

మీ ఫోన్‌లోనే టెస్ట్ చేయండి. టెర్మక్స్‌లో పెద్ద ప్యాకేజీ ఒకటి దిగుతుండగా ఏరోప్లేన్ మోడ్ ఆన్ చేయండి. ఎర్రర్ వచ్చాక ఆఫ్ చేసి అదే కమాండ్ మళ్లీ ఇవ్వండి. డౌన్‌లోడ్ సున్నా నుంచి కాకుండా మధ్యలోంచి కొనసాగిందా, ఆగిన చోటు నుంచే మొదలైనట్టు. మిర్రరే పనిచేయకపోతే 'టెర్మక్స్-ఛేంజ్-రెపో' కమాండ్‌తో ఇంకోటి ఎంచుకోండి.